పసిఫిక్ తీరపు బాస్కెట్‌బాల్ కూటమి: పాత పేరు, క్రొత్త పొత్తు

ఏ ఆటకైనను క్రొత్త సంవత్సరపు పోటీలు సమీపించుసరికి జోస్యము చెప్పువారికి కొదువ యుండదు. ఏ జట్టు బలపడినది, ఏ ఆటగాడు చదువు ముగించుకొని పోయినాడు, ఎవరు పైకి వత్తురు, ఎవరు క్రిందికి దిగుదురు అని లెక్కలు కట్టుట అమెరికా కళాశాలల క్రీడాభిమానులకు ఏటేటా ఒక పండుగవంటిది. అచటి విశ్వవిద్యాలయముల బాస్కెట్‌బాల్ పోటీలు నవంబరులో ఆరంభమై ఏప్రిలు మొదటి దినములతో ముగియును. 2026-27 సంవత్సరపు పోటీలలో మాత్రము ఒక కూటమి విషయమున ఈ లెక్కలు తేలికగా తెగునవి కావు. దాని పేరు పసిఫిక్-12. పేరు పాతది. పేరులో పన్నెండు ఉన్నను బాస్కెట్‌బాల్ ఆడు జట్లు తొమ్మిది. ఆ తొమ్మిదింటిలో పాత కాపులు ఇద్దరే. వంద సంవత్సరములకు పైబడిన ఒక ఉమ్మడి కుటుంబము చీలిపోగా, ఇంటిపేరును నిలుపుకొన్న ఇద్దరు తోబుట్టువులు క్రొత్త చుట్టములతో మరల ఇల్లు కట్టుకొనిన కథ ఇది. ఆ యిల్లు నిలుచునా యను ప్రశ్నకు సమాధానము వెదకుటకు ముందు, మొదటి యిల్లు ఎట్లు కట్టబడినదో, ఎట్లు కూలినదో తెలిసికొనుట అవసరము.

బాస్కెట్‌బాల్ ఆట 1891 డిసెంబరులో మసాచుసెట్స్ రాష్ట్రములోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున పుట్టినది. చలికాలములో యువకులు గదిలోపల ఆడుకొనుటకు వీలుగా వై.ఎం.సి.ఎ. శిక్షణాలయపు ఉపాధ్యాయుడు జేమ్స్ నైస్మిత్ దానిని కల్పించెను. ఆ స్ప్రింగ్‌ఫీల్డులోనే శిక్షణ పొందిన హారీ క్రో బక్ 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాలను స్థాపించెను. కనుక ఈ ఆటకును మన ప్రాంతపు పాఠశాలల ఆటస్థలములకును ఉన్న బంధుత్వము నిన్నటిది కాదు.

అమెరికాలో ఈ ఆటకు వేళ్ళు నాటుకొనినది కళాశాలలలో. అచట ఒక ప్రాంతమునకు చెందిన కొన్ని విశ్వవిద్యాలయములు కలిసి, ప్రతి సంవత్సరము ఒకరితో నొకరు ఆడెదమని, ఒకే నియమావళికి లోబడెదమని ఒప్పందము చేసికొనును. దానినే వారు కాన్ఫరెన్సు అందురు. మనము కూటమి అనవచ్చును. కూటమిలో గెలిచిన జట్టు మార్చి నెలలో జరుగు జాతీయపు పోటీకి పోవును. కాని కూటమి విలువ అంతటితో తీరదు. పొరుగూరి జట్టు ఈ యేడు మన యూరికి వచ్చును, మన జట్టు వారి యూరికి పోవును. తండ్రులు చూచిన ఆటను కొడుకులు చూతురు. ఓడినవాడు వచ్చే యేటికి లెక్క మిగుల్చుకొనును. ఈ రాకపోకల అలవాటే కూటమికి ప్రాణము.

పసిఫిక్ తీరపు కూటమి 1915 డిసెంబరు 2వ తేదీన ఒరెగాన్ రాష్ట్రములోని పోర్ట్‌లండ్ నగరమున జరిగిన సమావేశములో పుట్టినది. మొదటి సభ్యులు నలుగురు: కాలిఫోర్నియా, వాషింగ్టన్, ఒరెగాన్ విశ్వవిద్యాలయములు, ఒరెగాన్ వ్యవసాయ కళాశాల. ఈ కడపటిదే తరువాత ఒరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయమైనది. 1917లో వాషింగ్టన్ స్టేట్ కళాశాలయు, 1918లో స్టాన్‌ఫర్డును, 1922లో దక్షిణ కాలిఫోర్నియా, ఐడహో విశ్వవిద్యాలయములును, 1924లో మాంటానాయు, 1928లో యు.సి.ఎల్.ఎ. అని పేరుపొందిన లాస్ ఏంజిలిస్ విశ్వవిద్యాలయమును వచ్చి చేరినవి. ఒరెగాన్ స్టేట్ ఉన్నది కార్వాలిస్ అను చిన్న పట్టణములో; వాషింగ్టన్ స్టేట్ ఉన్నది గోధుమ పొలముల నడుమనున్న పుల్‌మన్‌లో. రెండును రైతుబిడ్డల చదువుకొరకు వెలసిన విద్యాలయములే. ఈ రెండు పేర్లను గుర్తుంచుకొనవలెను. కథ మరల వీటివద్దకే వచ్చును.

దేశపు బాస్కెట్‌బాల్‌కు ఈ తీరము చేసిన మొదటి దానము ఒక క్రొత్త పద్ధతి. అప్పటివరకు బంతిని రెండు చేతులతో పట్టి, కాళ్ళు నేలపై నిలిపి బుట్టలోనికి విసరుటయే వాడుక. స్టాన్‌ఫర్డు విద్యార్థి హాంక్ లుయిసెట్టి పరుగెత్తుచునే ఒంటిచేతితో విసరెడివాడు. 1936 డిసెంబరు 30న న్యూయార్కు నగరములో అతని జట్టు, అంతకుముందు వరుసగా 43 ఆటలు గెలిచియున్న లాంగ్ ఐలండ్ జట్టును 45-31 తేడాతో ఓడించినది. తూర్పుతీరపు శిక్షకులు ఆ ఒంటిచేతి విసరును మొదట వెక్కిరించిరి. తరువాత వారి శిష్యులే దానిని నేర్చుకొనిరి. 1939లో మొట్టమొదటి జాతీయపు పోటీ జరుగగా ఒరెగాన్ జట్టు ఒహాయో స్టేట్‌ను 46-33తో ఓడించి తొలి విజేత అయినది. 1941లో జాక్ ఫ్రియెల్ శిక్షణలో పుల్‌మన్ జట్టు చివరి ఆట వరకు పోయి విస్కాన్సిన్ చేతిలో 39-34తో ఓడినది. 1942లో స్టాన్‌ఫర్డు గెలిచినది. కార్వాలిస్‌లో స్లాట్స్ గిల్ అను శిక్షకుడు 1928 నుండి 1964 వరకు ఒకేచోట ఉండి 599 ఆటలు గెలిపించెను. ఫ్రియెల్ కూడ పుల్‌మన్‌లో ముప్పది సంవత్సరములు పనిచేసెను. ఒక శిక్షకుడు ఒక ఊరికి జీవితమంతయు అంకితము చేయుట ఆనాటి ధర్మము.

ఈ కూటమి మొదటిసారి చీలినది 2023లో కాదు. 1956లోనే ఒక అపకీర్తి బయటపడెను. పెద్ద నగరములలోని కొన్ని విశ్వవిద్యాలయములలో ఫుట్‌బాల్ ఆటగాండ్రకు పూర్వవిద్యార్థులును అభిమానులును చాటుగా డబ్బు ఇచ్చుచున్నట్లు తేలినది. జరిమానాలు, నిషేధములు, ఒకరిపై నొకరు నేరములు మోపుకొనుటలు సాగినవి. తుదకు 1959లో కూటమి రద్దయ్యెను. విచిత్రమేమనగా ఆ సంవత్సరమే, పీట్ న్యూవెల్ శిక్షణలో కాలిఫోర్నియా జట్టు వెస్ట్ వర్జీనియాను 71-70తో ఓడించి జాతీయ విజేత అయినది. ఇల్లు కూలుచున్న యేడే ఆ యింటి బిడ్డకు పట్టాభిషేకము జరిగినది.

పెద్ద నగరముల విశ్వవిద్యాలయములు వెంటనే వేరొక కూటమి కట్టుకొన్నవి. కాలిఫోర్నియా, స్టాన్‌ఫర్డు, యు.సి.ఎల్.ఎ., దక్షిణ కాలిఫోర్నియా, వాషింగ్టన్ అనునవి ఆ ఐదు. వాషింగ్టన్ స్టేట్, ఒరెగాన్, ఒరెగాన్ స్టేట్, ఐడహో వెలుపల మిగిలిపోయినవి. అయినను వెలుపల నున్నవారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. 1963లో ఏ కూటమికిని చెందని ఒరెగాన్ స్టేట్ జట్టు స్లాట్స్ గిల్ నాయకత్వమున జాతీయపు పోటీలో చివరి నాలుగు జట్లలో నొకటిగా నిలిచినది. వాషింగ్టన్ స్టేట్‌ను 1962లోను, ఒరెగాన్ జట్లను రెండింటిని 1964లోను మరల చేర్చుకొనిరి. 1968లో కూటమికి పసిఫిక్-8 అను పేరు వచ్చినది. ఐడహోకు మాత్రము పిలుపు రాలేదు. పుల్‌మన్‌కు పదునైదు కిలోమీటర్ల లోపుననే ఉన్న ఆ విశ్వవిద్యాలయము అటుపిమ్మట చిన్న కూటములలోనే ఆడుకొనవలసి వచ్చినది. కూటమి చీలినప్పుడు కొందరు తిరిగి చేరుదురు. కొందరు ఎన్నటికిని చేరరు. 1959 నేర్పిన పాఠమిది.

ఆ తరువాతి పండ్రెండు సంవత్సరములు యు.సి.ఎల్.ఎ. రాజ్యము. 1948లో అచటికి వచ్చిన జాన్ వుడెన్ అను శిక్షకుడు 1964 నుండి 1975 వరకు పది జాతీయ విజయములు సాధించెను. అందులో ఏడు 1967 నుండి 1973 వరకు వరుసగా వచ్చినవి. తరువాత కరీమ్ అబ్దుల్ జబ్బార్ అని పేరు మార్చుకొన్న లూ ఆల్సిండర్, బిల్ వాల్టన్ వంటివారు ఆయన శిష్యులు. 1973 చివరి ఆటలో వాల్టన్ 22 సార్లు బంతి విసరి 21 సార్లు బుట్టలో వేసి 44 పాయింట్లు చేసెను. 1971 నుండి 1974 వరకు ఆ జట్టు వరుసగా 88 ఆటలు గెలిచినది.

అటువంటి జట్టు ఒకటి ఉన్న కూటమిలో తక్కినవారి గతి ఎట్లుండెనో చెప్పుటకు ఒక్క ఉదాహరణము చాలును. ఆ దినములలో ఒక కూటమి నుండి ఒకే జట్టు జాతీయపు పోటీకి పోవలెనని నియమము ఉండెడిది. 1970-71లో దక్షిణ కాలిఫోర్నియా జట్టు 24 ఆటలు గెలిచి, రెండే ఓడినది. ఆ రెండును యు.సి.ఎల్.ఎ. చేతిలోనే. దేశములో అగ్రశ్రేణికి చెందిన ఆ జట్టు జాతీయపు పోటీ గడప త్రొక్కలేదు. పొరుగువానిని గెలువనివానికి లోకములో చోటు లేదనుట ఆనాటి న్యాయము. 1975లో ఆ నియమము సడలినది. 1997లో అరిజోనా తన కూటమిలో ఐదవ స్థానమున నిలిచియు జాతీయ విజేత కాగలిగినదనగా, ఆ సడలింపు ఎంత పెద్దదో ఊహించుకొనవచ్చును.

అయితే మహారాజునకు కూడ పొరుగూళ్ళలో దెబ్బ తప్పలేదు. 1974 ఫిబ్రవరిలో యు.సి.ఎల్.ఎ. జట్టు ఉత్తరమునకు ప్రయాణమై పోయి, ఒకనాడు కార్వాలిస్‌లో ఒరెగాన్ స్టేట్ చేతిలో 61-57తోను, మరునాడు యూజీన్‌లో ఒరెగాన్ చేతిలో 56-51తోను ఓడినది. వుడెన్ జట్టుకు వచ్చిన ఈ జంట ఓటమిని ఆ ప్రాంతమువారు నేటికిని చెప్పుకొందురు.

ఆ జంట ప్రయాణము యాదృచ్ఛికము కాదు. ఈ కూటమికి జంటలే పునాది. 1978లో అరిజోనా, అరిజోనా స్టేట్ చేరి పసిఫిక్-10 అయిన తరువాత ఆ ఏర్పాటు సంపూర్ణమైనది. పది జట్లు, ఐదు జంటలు: వాషింగ్టన్ రాష్ట్రములో రెండు, ఒరెగాన్‌లో రెండు, శాన్ ఫ్రాన్సిస్కో పరిసరములలో రెండు, లాస్ ఏంజిలిస్‌లో రెండు, అరిజోనాలో రెండు. ఒక జంట మరియొక జంట ప్రాంతమునకు పోయి, రెండు మూడు దినములలో రెండు ఆటలు ఆడి వచ్చును. ప్రతి జట్టు తక్కిన తొమ్మిదింటితో ఇంట నొకసారి, బయట నొకసారి, మొత్తము 18 ఆటలు ఆడును. తేలిక షెడ్యూలు దొరికినదని ఒకరు, కఠినముగా నున్నదని ఒకరు అనుటకు తావులేదు. అందరును అందరితోను సమానముగా ఆడినవారే. ఇంతకంటె న్యాయమైన పద్ధతిని ఊహించుట కష్టము.

ఆ కాలమున పుల్‌మన్‌కు వచ్చిన శిక్షకులలో జార్జి రావెలింగ్ ఒకడు. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్ నగరములో మార్టిన్ లూథర్ కింగ్ చరిత్రాత్మకమైన ఉపన్యాసము చేసినప్పుడు వేదికవద్ద కాపలాగా నిలిచిన యువకుడు ఇతడే. ఉపన్యాసము ముగియగానే కింగ్ తన చేతిలోని కాగితములను ఇతనికి ఇచ్చివేసెను. 1972లో రావెలింగ్ పుల్‌మన్‌లో పదవి స్వీకరించి పసిఫిక్-8 కూటమిలో తొలి నల్లజాతి ప్రధాన శిక్షకుడైనాడు. 1983 వరకు అచటనే ఉన్నాడు. చిన్న ఊళ్ళు ఈ కూటమికి అలంకారముగా మాత్రమే ఉండెడివనుట పొరపాటని తెలుపుటకు ఇది చాలును.

2011లో కొలరాడో, యూటా విశ్వవిద్యాలయములు చేరి కూటమి పసిఫిక్-12 అయినది. అదే సంవత్సరము టెలివిజన్ సంస్థలతో పన్నెండేండ్లకు సుమారు 300 కోట్ల డాలర్ల ఒప్పందము కుదిరినది. అది ఆనాటికి గొప్ప ఒప్పందము. కాని ఆ డబ్బులో పెద్దపాలు బాస్కెట్‌బాల్ వలన వచ్చునది కాదు, అమెరికన్ ఫుట్‌బాల్ వలన వచ్చునది. గడువు దగ్గరపడునప్పటికి తూర్పునను మధ్యప్రాంతమునను ఉన్న కూటములు అంతకు ఎన్నోరెట్లు సంపాదింప నారంభించినవి. బిగ్ టెన్ అను కూటమి 2022 ఆగస్టులో ఏడేండ్లకు 700 కోట్ల డాలర్లకు పైబడిన ఒప్పందము చేసికొనెను.

దూరపు కొండలు నునుపు. 2022 జూన్ 30న యు.సి.ఎల్.ఎ., దక్షిణ కాలిఫోర్నియా బిగ్ టెన్‌లో చేరుచున్నట్లు ప్రకటించినవి. 2023 జూలైలో కొలరాడో పోయినది. 2023 ఆగస్టు 4న ఒక్కదినముననే ఒరెగాన్, వాషింగ్టన్, అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా వెడలిపోయినవి. సెప్టెంబరు 1న స్టాన్‌ఫర్డు, కాలిఫోర్నియా అట్లాంటిక్ తీరపు కూటమిలో చేరుటకు ఒప్పుకొన్నవి. పసిఫిక్ సముద్రపు గాలి పీల్చు విద్యార్థులు అట్లాంటిక్ తీరమువారితో కూటమి ఆటలు ఆడుటకు దేశమంతయు దాటి పోవలసి వచ్చినది. జంటలలో కొన్ని కలిసియే పోయినవి. రెండు జంటలు మాత్రము తెగినవి. ఒరెగాన్ పోగా ఒరెగాన్ స్టేట్ మిగిలెను. వాషింగ్టన్ పోగా వాషింగ్టన్ స్టేట్ మిగిలెను. 1959లో వెలుపల నిలిచినవారే 2023లో ఇంటిలో మిగిలినారు.

పాత కూటమి చివరి బాస్కెట్‌బాల్ పోటీ 2024 మార్చి 16న లాస్ వెగాస్ నగరములో ముగిసినది. ఒరెగాన్ జట్టు కొలరాడోను 75-68తో గెలిచినది. 1939లో దేశమునకు తొలి విజేత నిచ్చిన విశ్వవిద్యాలయమే పాత కూటమి కడపటి కిరీటమును గొనిపోయినది. ఆ యేడు పుల్‌మన్ జట్టు కూటమిలో రెండవ స్థానము పొంది, 2008 తరువాత మొదటిసారి జాతీయపు పోటీకి పోయి ఒక ఆట గెలిచినది. పోటీ ముగియగానే దాని శిక్షకుడు స్టాన్‌ఫర్డుకు వెళ్ళెను. మేటి ఆటగాండ్రు చెదరిపోయిరి. వాల్టన్ వృద్ధాప్యములో ఈ కూటమి ఆటలకు వ్యాఖ్యాతగా ఉండి, ఇది విజేతల కూటమి అని ప్రతి ఆటలోను పొగడుచుండెడివాడు. ఆయన 2024 మే 27న కన్నుమూసెను. కూటమి టెలివిజన్ ప్రసారకేంద్రము జూన్ 30న మూతపడెను.

మిగిలిన ఇద్దరు మొదట చేసిన పని న్యాయస్థానమునకు పోవుట. వెడలిపోవువారు కూటమి నిధులపైనను నిర్వహణపైనను ఓటు వేయరాదని వారి వాదము. 2023 నవంబరులో వాషింగ్టన్ రాష్ట్రములోని స్థానిక న్యాయస్థానము వారి పక్షమున ఉత్తరువు నిచ్చెను; డిసెంబరులో రాష్ట్రపు ఉన్నత న్యాయస్థానము అందులో జోక్యము చేసికొనుటకు నిరాకరించెను. పేరును, పెట్టెను ఆ విధముగా దక్కినవి. కాని ఇద్దరితో కూటమి కాదు. ఫుట్‌బాల్ ఆడు సభ్యులు ఎనమండుగురు ఉండవలెను. అందుకు రెండేండ్ల గడువు దొరికినది. ఈ రెండేండ్లు, అనగా 2024-25లోను 2025-26లోను, ఇరువురి బాస్కెట్‌బాల్ జట్లును వెస్ట్ కోస్ట్ అను చిన్న కూటమిలో అతిథులుగా ఆడినవి. అతిథి గృహములోను పరువు నిలుపుకొన్నవి. 2025 జనవరిలో కార్వాలిస్‌లో ఒరెగాన్ స్టేట్ పురుషుల జట్టు అదనపు సమయము వరకు సాగిన ఆటలో గొంజాగాను 97-89తో ఓడించినది. ఆ మార్చిలో ఒరెగాన్ స్టేట్ మహిళల జట్టు ఆ కూటమి టోర్నమెంటునే గెలిచి జాతీయపు పోటీకి పోయినది.

ఈ మధ్యకాలములోనే క్రొత్త చుట్టరికములు కుదిరినవి. 2024 సెప్టెంబరు 12న బోయిసీ స్టేట్, కొలరాడో స్టేట్, ఫ్రెస్నో స్టేట్, శాన్ డియేగో స్టేట్. అదే నెలలో యూటా స్టేట్. అక్టోబరు 1న గొంజాగా. 2025 జూన్ 30న టెక్సాస్ స్టేట్. ఇవన్నియు 2026 జూలై 1 నుండి సభ్యులుగా నుండుటకు ఒప్పుకొన్నవి. గొంజాగా ఫుట్‌బాల్‌ను 1941లోనే విడిచిపెట్టినది. తక్కిన ఎనిమిదింటితో నియమపు లెక్క సరిపోయినది.

ఇప్పుడు రానున్న పోటీల మాట. బాస్కెట్‌బాల్ దృష్టితో చూచినచో ఈ చుట్టములలో పెద్ద గొంజాగాయే. స్పోకేన్ నగరములోని ఈ జెసూట్ విశ్వవిద్యాలయపు జట్టు 1999 నుండి 2025 వరకు జరిగిన ప్రతి జాతీయపు పోటీలోను ఆడినది. 1999లో పగ్గములు చేపట్టిన మార్క్ ఫ్యూ శిక్షణలో 2017లోను 2021లోను చివరి ఆట వరకు పోయినది. 2021లో ఆ ఆటకు ముందు ఒక్క ఓటమియు ఎరుగదు. ఇంతకాలము చిన్న కూటమిలో పెద్దగా వెలిగినదని దానిపై ఒక ఆక్షేపణ ఉండెను. రానున్న యేడు ఆ ఆక్షేపణకు పరీక్ష.

ఆ పరీక్ష పెట్టగలవారిలో మొదటిది శాన్ డియేగో స్టేట్. ప్రత్యర్థిని పాయింట్లు చేయనీయకుండ కట్టివేయుట దాని విద్య. 2023లో చివరి క్షణపు విసరుతో ఫ్లోరిడా అట్లాంటిక్‌ను 72-71తో ఓడించి, తుది ఆటలో కనెక్టికట్ చేతిలో ఓడినది. పరుగెత్తి ఆడు గొంజాగాకును, పట్టి నిలుపు శాన్ డియేగోకును జరుగు ఆటలు ఈ కూటమికి కంటికి ఇంపైన దృశ్యము కాగలవు. కొలరాడో స్టేట్ 2025లో మౌంటెన్ వెస్ట్ కూటమి టోర్నమెంటు గెలిచి, జాతీయపు పోటీలో మేరీలండ్ చేతిలో ఒకే పాయింటు తేడాతో, అదియు చివరి క్షణమున ఓడినది. దాని యూరు సముద్రమట్టమునకు సుమారు 1,500 మీటర్ల ఎత్తున నున్నది. క్రిందినుండి పోయిన జట్లకు అచట ఊపిరియే ఒక ప్రత్యర్థి. బోయిసీ స్టేట్‌తో ఐడహో రాష్ట్రము ఈ కూటమిలోనికి మరల వచ్చినది, 1959లో వెలుపల మిగిలిన ఐడహో విశ్వవిద్యాలయము మాత్రము రాలేదు. ఫ్రెస్నోకు పాత వైభవము ఉన్నది. టెక్సాస్ స్టేట్ అధ్యక్షుడు లిండన్ జాన్సన్ 1930లో పట్టము పుచ్చుకొన్న విద్యాలయము. బాస్కెట్‌బాల్‌లో పెద్దపేరు ఇకమీద సంపాదింపవలసినదే.

యూటా స్టేట్ కథ జోస్యములు చెప్పువారికి ఒక హెచ్చరిక. 2023, 2024, 2025 సంవత్సరములలో ఆ జట్టు వరుసగా మూడుసార్లు జాతీయపు పోటీకి పోయినది, మూడుసార్లును వేర్వేరు శిక్షకులతో. 2023-24లో, పాయింట్లు చేయు పాతవారు దాదాపు అందరును వెళ్ళిపోయిన తరువాత, క్రొత్తవారితో కూటమి లీగ్ పోటీలో మొదటి స్థానము గెలిచినది. పూర్వము ఒక జట్టును అంచనా వేయుటకు చదువు ముగించినవారెవరు, మిగిలినవారెవరు అని చూచిన చాలును. 2021 నుండి విద్యార్థులు ఒక విశ్వవిద్యాలయము విడిచి మరియొకదానికి పోయి వెంటనే ఆడుటకు అనుమతి దొరికినది. 2025 జూన్‌లో న్యాయస్థానము ఆమోదించిన రాజీ ప్రకారము విశ్వవిద్యాలయములే ఆటగాండ్రకు సొమ్ము చెల్లింపవచ్చును. 1956లో చాటున ఇచ్చినందుకు కూటమి కూలిన సొమ్ము నేడు బహిరంగముగా, లెక్కప్రకారము ఇచ్చుచున్నారు. కనుక ఈనాటి జట్టు రేపటి జట్టు కాదు. ఒకవేళ జట్టు మారకున్నను జోస్యము ఫలించునను నమ్మకము లేదు. 2020-21లో ఒరెగాన్ స్టేట్ పన్నెండవది, అనగా చిట్టచివరిది, అగునని విలేఖరులు ముందుగా చెప్పిరి. ఆ జట్టే కూటమి టోర్నమెంటు గెలిచి జాతీయపు పోటీలో చివరి ఎనిమిదింటిలో నిలిచినది.

ఇక్కడ ఒక చేదు నిజమును దాచరాదు. అన్యాయమునకు గురియైన ఇద్దరు తమ యిల్లు కట్టుకొనుటకు దూలములను మౌంటెన్ వెస్ట్ అను పొరుగింటినుండి తెచ్చుకొన్నారు. ఐదు విశ్వవిద్యాలయములు ఆ కూటమిని విడిచి వచ్చినవి. అందుకు పరిహారముగా ఆ కూటమి 5 కోట్ల 50 లక్షల డాలర్లు అడుగగా, పసిఫిక్ కూటమి న్యాయస్థానమునకు పోయినది. మరల ఆ మౌంటెన్ వెస్ట్ కూడ 1999లో వేరొక కూటమినుండి ఎనిమిది విశ్వవిద్యాలయములు వేరుపడి కట్టుకొన్నదే. కొలరాడో స్టేట్, శాన్ డియేగో స్టేట్ నాడు ఆ యెనిమిదింటిలో నున్నవి. విడిచిపోబడినవారి దుఃఖము తెలిసినవారే మరియొకరిని ఆ దుఃఖమునకు గురిచేయుట చరిత్రలో క్రొత్తది కాదు. అయినను తెలిసి చేసినవారికి ఒక బాధ్యత అదనముగా ఉండును. తాము కట్టుకొన్న దానిని నిలుపుకొనుటయే ఆ బాధ్యత.

నిలుపుకొనుటకు సాధనములు లేకపోలేదు. తొమ్మిది జట్లు ఒకదానితో నొకటి ఇంటను బయటను ఆడుటకు పదహారు ఆటలు చాలును. పసిఫిక్-10 దినముల న్యాయమైన పద్ధతిని తిరిగి నడపుటకు ఇంతకంటె అనువైన సంఖ్య లేదు. పుల్‌మన్‌కును స్పోకేన్‌కును నడుమ నూట ఇరువది కిలోమీటర్ల దూరము. వాషింగ్టన్ పోయిన తరువాత జంట లేని పుల్‌మన్‌కు నిజమైన పొరుగువాడు దొరికినాడు. మరియొక వైపున టెక్సాస్ ఉన్నది. పుల్‌మన్‌నుండి అది రెండువేల కిలోమీటర్లకు పైబడిన దూరము. తొమ్మిదింటిలో సముద్రపు ఒడ్డున నున్న నగరము శాన్ డియేగో ఒక్కటే. పసిఫిక్ అను మాట ఇప్పుడు ఒక తీరమును గాక ఒక జ్ఞాపకమును తెలుపుచున్నది.

జ్ఞాపకముతో ఆట గెలువరు. మార్చిలో కిరీటము ఎవరికి దక్కునో ఆనాటి ఆటయే తేల్చును. గొంజాగా, శాన్ డియేగో స్టేట్ పేర్లు ముందు వినబడుట సహజము. కాని ఈ కూటమికి అంతకంటె పెద్ద గెలుపు ఒకటి ఉన్నది. చలికాలపు రాత్రి కార్వాలిస్‌లోని పాత క్రీడాశాలకు లోగన్ జట్టు వచ్చినప్పుడు జనము నిండవలెను. పుల్‌మన్‌లో ఓడిన స్పోకేన్ పిల్లవాడు వచ్చే యేటికి లెక్క మిగుల్చుకొనవలెను. ఇటువంటి లెక్కలు పది సంవత్సరములు ప్రోగుపడినచో ఇది కూటమి యగును. లేనిచో మరల ఎవరో ఎక్కువ డబ్బు చూపునంతవరకు నడచు ఒప్పందముగానే మిగులును. 1915లో పోర్ట్‌లండ్‌లో కూర్చున్న నలుగురికి టెలివిజన్ తెలియదు, కోట్ల డాలర్లు తెలియవు. ఏటేటా ఒకరి యూరికి ఒకరు పోయి ఆడవలెనని మాత్రము తెలియును. రానున్న పోటీలలో పరీక్షకు నిలుచునది ఆ తెలివియే.